సొట్ట చదివిన చెయ్యి

పోయినవారం వదినగారిని పోలీసు స్టేషను మెట్ల మీద, మిట్టమధ్యాహ్నపు ఎండలో నిలబెట్టి వచ్చేశాం. పత్రికలో చోటు అయిపోతే ఎంత మంచివాళ్ళనైనా ఎండలో వదిలేయక తప్పదు. ఆవిడ నన్ను క్షమించే ఉంటుంది. అందరినీ క్షమించే అలవాటు ఆవిడకు మొదటినుంచీ ఉంది. కొత్తగా వచ్చి చేరినవాళ్ళ కోసం జరిగింది నాలుగు మాటల్లో చెప్పి, ఆవిడను నీడలోకి తీసుకువస్తాను.

అన్నదమ్ములిద్దరిదీ టింకరింగ్ షెడ్డు. గుద్దుకున్న కార్లకు సొట్టలు తీస్తారు. ఇరవై రెండు రోజుల కిందట క్యారేజీ పట్టుకుని వెళ్ళిన వదినగారికి భర్త షట్టరు దగ్గర బోర్లా పడి కనిపించాడు. తల వెనక దెబ్బ. మరిది అక్కడ లేడు. ఆ ఉదయమే అన్నదమ్ములు పోట్లాడుకున్నారు. తమ్ముడు ఎవరికీ చెప్పకుండా పెద్ద కంపెనీ వర్క్‌షాపులో ఉద్యోగం సంపాదించాడు, ఆ ఉత్తరం అన్న కంటపడింది. "బుర్ర పగలగొడతా" అన్న కేక పక్క టైర్ల షాపాయన విన్నాడు గానీ, అన్నది ఎవరో చెప్పలేకపోయాడు. ఇద్దరి గొంతూ ఒకటే. ఆపరేషను తర్వాత అన్నకు ప్రాణం దక్కింది, కుడిచెయ్యి చచ్చుబడింది, మాట పోయింది. అన్ని మాటల్లోనూ ఒక్కటి మాత్రం నోట్లో మిగిలింది. "ఎవరు కొట్టారు?" అని హెడ్ కానిస్టేబుల్ అడిగితే ఆ ఒక్కటే బయటికొచ్చింది.

"మొద్దు" అన్నాడు.

మొద్దు అంటే తమ్ముడు. ఎనిమిదేళ్ళప్పుడు బళ్ళో మేష్టారు అందరి ముందూ "ఈ మొద్దుకి చదువు అబ్బదు" అన్నాడని ఏడుస్తూ ఇంటికొస్తే, "నువ్వు మొద్దువేరా. మొద్దు లేకపోతే మన షెడ్డులో పనే నడవదు" అని అన్న ఎత్తుకుని తిప్పాడు. రేకులు పెట్టి కొట్టుకునే ఇనప గుండు ఒక పెద్ద చెట్టు మొద్దులో దిగేసి ఉంటుంది. ఆయన చెప్పింది దాని గురించి. ఆ రోజునుంచీ మేష్టారి తిట్టు కాస్తా ఇంట్లో ముద్దుపేరైపోయింది. ఒకే పేరుతో ఇద్దరుంటే తికమకని, షెడ్డులో ఆ చెట్టు మొద్దును మాత్రం 'దిమ్మ' అనడం మొదలుపెట్టారు. కాబట్టి ఆ ఇంట్లో మొద్దు ఒక్కడే.

ఇక గోరుచుట్టు మీద రోకటిపోటులా డాక్టరు కాగితం ఒకటి. అందులో 'మొద్దు వస్తువు వల్ల బలమైన గాయం' అని ఉంది. హెడ్డుగారు రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టుకుని, "డాక్టరూ మొద్దే అంటున్నాడు, దెబ్బ తిన్నాయనా మొద్దే అంటున్నాడు. ఇంక నేను కొత్తగా కనిపెట్టేదేముందమ్మా?" అన్నాడు. షెడ్డుకు వెళ్ళి మొద్దుగా ఉన్న వస్తువులన్నీ సంచిలో వేసుకొచ్చాడు. పదకొండు తేలాయి. "మా షెడ్డులో పదునైనదంటూ ఉంటే అది మా ఆయన నోరొక్కటేనండీ" అని వదినగారు అప్పుడే చెప్పింది. అని, ఆ నోరు గుర్తొచ్చి ఏడ్చింది.

స్టేషను మెట్ల మీద హెడ్డుగారు అన్నది ఇది: "రేపు పన్నెండింటికి ఆసుపత్రికొస్తా. ఇంకొక్కసారి అడుగుతా. మళ్ళీ ఆ పేరే చెబితే మీ మరిదిని తీసుకెళ్ళక తప్పదు."

ఆ రేపు ఇవాళే.

తొమ్మిదింటికి వదినగారు షెడ్డుకు వెళ్ళేసరికి మరిది ఒక నీలం కారు తలుపు ముందు గొంతుకూర్చుని ఉన్నాడు. చేతిలో పనిముట్టు లేదు. ఉండడానికి హెడ్డుగారు ఏదీ మిగల్చలేదు. పలచటి గుడ్డముక్క అరచేతి కింద వేసుకుని, కళ్ళు మూసుకుని, రేకు మీద చెయ్యి మెల్లగా జరుపుతున్నాడు. ఎక్కడ పల్లం తగిలితే అక్కడ సుద్దతో గీత గీస్తున్నాడు. గీయడమే గానీ కొట్టేదేమీ లేదు.

ఈ పని చేసేవాళ్ళకు కంటి మీద నమ్మకం తక్కువ. రంగు మెరిసిందంటే కన్ను మోసపోతుంది, అరచెయ్యి మోసపోదు. తమ్ముడికి ఇది నేర్పింది అన్నే. సొట్ట మీద చెయ్యి పెడితే దేనికి తగిలిందో, ఎటునుంచి తగిలిందో, బండి నడుస్తూ ఉందా ఆగి ఉందా అన్నది కూడా చెప్పేవాళ్ళు. ఒకసారి ఒక పెద్దమనిషి వచ్చి గేటు తగిలిందన్నాడు. అన్న చెయ్యి పెట్టి చూసి, "గేటు కాదండీ, ఆగి ఉన్న మోటారుసైకిలు. ఇంట్లో మాత్రం గేటనే చెప్పండి, నేనూ గేటనే రాస్తా" అన్నాడు. ఆ పెద్దమనిషి అప్పట్నుంచీ వేరే షెడ్డుకు పోలేదు.

"తిన్నావా?" అంది వదినగారు.

"తిన్నా."

"ఏం తిన్నావ్?"

మరిది ఆలోచించాడు. అబద్ధం చెప్పడానికి కూడా కాస్త చురుకుదనం కావాలి. ఆవిడ క్యారేజీ విప్పి ముందు పెట్టింది. అతను తినలేదు, కాదనలేదు. గిన్నె చేత్తో పట్టుకుని కూర్చున్నాడు. ఇరవై రోజుల్లో బుగ్గలు లోపలికి పోయాయి. తను కాపురానికి వచ్చిన రోజున గుమ్మం పక్కన గోడకానుకుని నిలబడి నిద్రపోతున్న పిల్లాడు ఆవిడ కళ్ళ ముందు మెదిలాడు. మొద్దునిద్ర. ఎత్తుకుని పడుకోబెట్టినా లేవలేదు. ఆవిడకు ఆ ఇంట్లో మొదట దొరికింది ఈ పిల్లాడే, మొగుడి సంగతి తర్వాత తెలిసింది.

"ఒక్క మాట అడుగుతాను నాన్నా. ఒక్కసారే అడుగుతా, మళ్ళీ జన్మలో అడగను. నువ్వు కొట్టావా?"

"సుత్తి ముట్టుకోలేదు వదినా. నీ మీదొట్టు."

"చాలు."

"ఏం చాలు? అన్నయ్యే చెప్పాడు కదా నా పేరు. ఆ రోజు నేను వార్డు బయటే ఉన్నా. హెడ్డు అడగడం విన్నా, అన్నయ్య చెప్పడం విన్నా. ఆయన కళ్ళకి నేనే అలా కనబడితే ఇంక నేను కొడితే ఏంటి, కొట్టకపోతే ఏంటి?"

అందుకే అతను ఆ తర్వాత ఆసుపత్రి గడప తొక్కలేదు. అభిమానం అనండి, మొండితనం అనండి, ఆ ఇంట్లో రెండూ ఒకే గంపలో ఉంటాయి. వదినగారు అతని చేతిలోంచి గిన్నె తీసుకుని కింద పెట్టింది. ఆ అరచెయ్యి తన చేతిలోకి తీసుకుంది. సుద్ద పొడి, గరుకు, నడిమధ్య పాత కాయ.

"ఈ చెయ్యి పెడితే రేకు నిజం చెబుతుంది కదా?"

"అయితే?"

"అయితే వచ్చి మీ అన్న తల మీద పెట్టు. కట్లు విప్పేశారు. దేంతో తగిలిందో నువ్వే చెప్పు."

"మనిషి తలకాయ బానెట్ అనుకున్నావా వదినా?"

"నాకేం తెలుసు? మీ అన్న తలకాయ రేకు కంటే గట్టిదని మాత్రం తెలుసు."

అతనికి నవ్వు వచ్చింది. వచ్చినందుకు సిగ్గుపడ్డాడు. చిన్న గొంతుతో, "నన్ను చూసి మొహం తిప్పుకుంటే?" అన్నాడు. ఇరవై ఎనిమిదేళ్ళ మనిషి.

"తిప్పుకుంటే నేను పట్టుకుని ఇటు తిప్పుతా. లే."

వార్డులో ఆరు మంచాలు. కిటికీ పక్కది వాళ్ళది. పెద్దాయన దిండ్లకు ఆనుకుని, గుండు చేసిన తలతో, అయిదు రోజుల గడ్డంతో కూర్చుని ఉన్నాడు. రోజూలాగే నర్సమ్మ "నీళ్ళు కావాలా?" అంది. ఆయన "మొద్దు" అన్నాడు. "పడుకుంటావా?" అంది. "మొద్దు" అన్నాడు, ఈసారి కాస్త విసుగ్గా. అంతలో ఆయన కళ్ళు గుమ్మం వైపు మళ్ళాయి.

తమ్ముడు గుమ్మంలోనే ఆగిపోయాడు. వదినగారు వెనకనుంచి వీపు మీద చెయ్యి వేసి నెట్టకపోతే అక్కడే ఉండిపోయేవాడు.

పెద్దాయన మొహం తిప్పుకోలేదు. ఆయన ఎడమచెయ్యి దుప్పటి మీదనుంచి పైకి లేచింది, వేళ్ళు గాలిలో ఆడాయి. "మొద్దు," అన్నాడు. "మొద్దు, మొద్దు, మొద్దు." తమ్ముడు దగ్గరకు రాగానే చొక్కా గుప్పిట పట్టుకుని కిందికి లాగాడు. బలం లేని చెయ్యి, అయినా అంత పొడుగు తమ్ముడూ మంచం అంచున కూలబడ్డాడు. అన్న అతని మొహం తడిమాడు, బుగ్గ పట్టి చూశాడు, పెళ్ళాం వంక కోపంగా చూశాడు. ఆ చూపు వదినగారికి తెలుసు. పిల్లాడికి తిండి పెట్టడంలేదా అని.

వదినగారికి అప్పుడు తెలిసింది. ఇరవై రెండు రోజులుగా అందరూ ఆయన్ని ప్రశ్నలు అడుగుతున్నారు. ఎవరు కొట్టారు, ఎక్కడ నొప్పి, నీళ్ళు కావాలా. ఆయన ఏ ప్రశ్నకూ జవాబు చెప్పలేదు. తమ్ముణ్ణి పిలుస్తున్నాడంతే. పక్కనే కూర్చుని రోజుకు వందసార్లు విని కూడా తనకు అర్థం కాలేదు. అసలు మొద్దును నేను కదా అనుకుని ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఏడుపు ఆగలేదు, ఆపాలని గట్టిగా అనుకోలేదు కూడా.

పన్నెండుకు పది నిమిషాలుండగానే హెడ్డుగారు దిగాడు. భుజాన సంచి, సంచిలో గలగల. ఆయన చెడ్డవాడు కాడు, పద్ధతి మనిషి. వస్తువులు ఒక్కొక్కటే చూపిస్తే దెబ్బ తిన్నాయన ఏదో ఒకదాన్ని గుర్తుపడతాడని ఆయన ఆలోచన. దుప్పటి మీద వరసగా పేర్చాడు. ప్రతిదానికీ దారంతో చీటీ కట్టి ఉంది. మొదటిది 'సుత్తి, పెద్దది'. రెండోది 'సుత్తి, చిన్నది'. మూడోదాన్ని ఏమనాలో తెలియక 'మరో సుత్తి' అని రాశాడు. కొయ్య సుత్తి, రబ్బరు సుత్తి, ఇసక నింపిన తోలు సంచి కూడా ఉన్నాయి. ఆయుధాలని తెచ్చినవి ఆ మంచం మీదికి వచ్చేసరికి మళ్ళీ పనిముట్లైపోయాయి. పెద్దాయన కొయ్య సుత్తిని దగ్గరకు లాక్కుని, పిడి మీద తన బొటనవేలు అరగదీసిన గుంటలో ఎడమ బొటనవేలు పెట్టుకుని చూసుకున్నాడు. అది కుదరలేదు. అయినా వదల్లేదు.

"ఇదేనా?" అని హెడ్డుగారు ఆత్రంగా వంగాడు.

"అది ఆయనకిష్టమండీ," అంది వదినగారు. "దాంతో కొడితే రేకు మీద మచ్చ పడదు."

"మచ్చ పడదా?" హెడ్డుగారు జేబులోంచి పుస్తకం తీశాడు.

"ఒక్క నిమిషం హెడ్డుగారూ," అన్నాడు తమ్ముడు. "నన్ను చూడనివ్వండి. చేత్తో చూస్తా."

జేబులోంచి ఆ గుడ్డముక్కే తీశాడు. మడత విప్పి, సుద్ద దులిపి, అన్న తల వెనక కొత్తగా మొలుస్తున్న వెంట్రుకల మీద పరిచాడు. దాని మీద అరచెయ్యి పెట్టాడు. అన్న తల వంచి ఇచ్చాడు. చిన్నప్పుడు ఈ చేతికి పని నేర్పినప్పుడు పట్టినంత ఓపిగ్గా, కదలకుండా కూర్చున్నాడు.

తమ్ముడు కళ్ళు మూసుకున్నాడు. వార్డంతా చూస్తోంది. ఎముక ఒకచోట రూపాయి కంటే పెద్దగా, లోతు తక్కువగా పల్లం అయింది. అంచు ఎక్కడా కోసుకుపోలేదు. చుట్టూ ఒకే వాలు. చెయ్యి ఒకసారి చుట్టి వచ్చింది, రెండోసారి చుట్టి వచ్చింది, మూడోసారి సగంలో ఆగిపోయింది. ఆ గుండ్రదనం అతనికి తెలుసు. ఇరవయ్యేళ్ళుగా రోజూ దాని మీద రేకు పెట్టి కొడుతున్నాడు. దిమ్మలో దిగేసిన ఇనప గుండు అది.

"ఏది? ఈ పదకొండులో ఏది?" అన్నాడు హెడ్డుగారు.

"ఏదీ కాదండీ. ఇది గుండు. షెడ్డు మధ్యలో దిమ్మ ఉంది చూశారా, దాని మీది గుండు."

"దాన్ని నలుగురు కూడా లేపలేరు కదయ్యా! ఎవడు ఎత్తి కొడతాడు?"

"ఎవరూ కొట్టలేదండీ. అది వచ్చి తగల్లేదు. తలే వెళ్ళి తగిలింది."

వదినగారు "ఎవరూ కొట్టలేదా!" అని గట్టిగా అనేసి, మరిది భుజం మీద రెండు చేతులతో దబదబా బాదింది. పక్క మంచం ముసలమ్మ కూడా సంతోషించింది. హెడ్డుగారు సంచి వంక, పదకొండు చీటీల వంక చూసుకుని నిట్టూర్చాడు. అంత మోత మోసింది ఉత్తదే అయింది.

సంతోషించనివాడు ఒక్కడే. తమ్ముడి చెయ్యి ఇంకా అన్న తల మీదే ఉంది.

ఆ ఉదయం ఉత్తరం చూసి అన్న కాలరు పట్టుకున్నాడు. "నాకు చెప్పకుండా పోతావా? బుర్ర పగలగొడతా!" అన్నాడు. విడిపించుకోవడానికి తమ్ముడు రెండు చేతులూ అన్న గుండెల మీద పెట్టి ఒక్క తోపు తోశాడు. తోసి, తిరిగి చూడకుండా బయటికి నడిచాడు. వెనక దబ్బుమని చప్పుడైంది. కోపమొస్తే సుత్తి నేలకేసి కొట్టడం అన్నకు అలవాటు. కొట్టుకో, నాకేం అనుకుంటూ వెళ్ళి బస్సెక్కాడు. ఆ చప్పుడు ఏమిటో ఇరవై రెండు రోజుల తర్వాత, ఇప్పుడు, అరచెయ్యి చెప్పింది. సుత్తి ముట్టుకోలేదన్న మాట అబద్ధం కాదు. సుత్తి అవసరం లేకపోయింది.

ఇంకోటి కూడా తెలిసింది. దిమ్మ నుంచి షట్టరుకు పన్నెండు అడుగులు. పగిలిన తలతో అన్న ఆ పన్నెండు అడుగులూ పాక్కుంటూ వచ్చాడు. తన వెనకే.

"సరే, పడ్డారు," అన్నాడు హెడ్డుగారు పుస్తకం తెరుస్తూ. "ఎలా పడ్డారు? ఉన్న మనిషి ఉన్నట్టుండి వెనక్కి ఎలా పడతాడు? తూలారా? ఎవరైనా నెట్టారా?"

తమ్ముడు అన్న తల మీంచి చెయ్యి తీసి, ఆ అరచేతి వంక చూసుకున్నాడు.

పెద్దాయన తల ఎత్తి అతని మొహం చూశాడు. ఆయన చదవడానికి గుడ్డముక్క అక్కర్లేదు. ఈ మొహాన్ని తమ్ముడి ఎనిమిదో ఏటినుంచీ చదువుతున్నాడు. కొయ్య సుత్తి వదిలేసి, ఎడమచేత్తో తమ్ముడి మణికట్టు పట్టుకున్నాడు. పెదవులు బిగించాడు, వదిలాడు, మెడనరాలు ఉబ్బాయి. నోటి చివరనుంచి చొంగ కారింది. వదినగారు తుడవబోతే తల అడ్డంగా ఊపాడు.

"జా," అన్నాడు.

అందరూ వంగారు.

"జా... జారా."

"జారారా? జారి పడ్డారా?" అన్నాడు హెడ్డుగారు.

పెద్దాయన తల ఊపాడు. అలసిపోయి కళ్ళు మూసుకున్నాడు. మణికట్టు మాత్రం వదల్లేదు. ఇరవై రెండు రోజుల మూగతనం తర్వాత, అంత కష్టపడి ఆయన సంపాదించుకున్న కొత్త మాట అది. శుద్ధ అబద్ధం.

హెడ్డుగారికి బరువు దిగింది. "నేను ముందే అనుకున్నా," అన్నాడు, అనుకోకపోయినా. గబగబా నాలుగు వరసలు రాశాడు. స్టాంపు ప్యాడు మూత తీసి వదినగారికి ఇచ్చాడు. "వేలిముద్ర వేయించమ్మా. ఇంతటితో మీకూ నాకూ ఈ పీడ విరగడ."

వదినగారు మొగుడి ఎడమ బొటనవేలు పట్టుకుని సిరా అద్దింది. ఆవిడ మొహంలో వెలుగు చూడాలి మీరు. కాగితం మీదికి వేలు తీసుకెళ్తూ ఉండగా మరిది చెయ్యి అడ్డం వచ్చింది.

"ఆగు వదినా."

ఆవిడ తలెత్తి చూసింది. పెంచిన పిల్లాడి మొహం. దాచుకున్నది చెప్పేసేముందు పైపెదవి ఎలా వణుకుతుందో ఆవిడకు తెలుసు. పొద్దున షెడ్డులో ఈ పిల్లాడు సుత్తి ముట్టుకోలేదని మాత్రమే ఒట్టు వేశాడు. ఇంకేమీ చెప్పలేదు. ఆవిడ చేతిలో మొగుడి బొటనవేలు, సిరా తడి ఆరకుండా, కాగితానికి అంగుళం ఎత్తున ఆగిపోయింది. ఆ వేలు కిందికి నొక్కుతోంది. మరిది చెయ్యి పైకి తోస్తోంది.

హెడ్డుగారు కళ్ళజోడు సర్దుకున్నాడు. అడగవలసినవాణ్ణి అడగలేదు, వదినగారి వైపు తిరిగాడు. ఆ ఇంట్లో అబద్ధం చెప్పడం చేతకాని మనిషి ఎవరో ఈ మూడు వారాల్లో ఆయన కనిపెట్టేశాడు.

"ఎందుకు ఆగమంటున్నాడమ్మా మీ మరిది?"